మల్లన్న దారిలో తొందర పనికిరాదు

నాలుగు రోజుల నల్లమల నడకకు నెల ముందే లెక్కలు

ఆత్మకూరు: శివరాత్రికి ఇంకా నెల రోజుల వ్యవధి ఉంది. చేలలో శనగ కోతలు సగం కూడా పూర్తి కాలేదు. అయినా నల్లమల అంచున ఉన్న పల్లెల్లో రచ్చబండల వద్ద అప్పుడే శ్రీశైలం నడక ముచ్చట్లు మొదలయ్యాయి. ఎవరెవరు వస్తారు, ఏ తిథినాడు బయలుదేరాలి, ఎన్ని రోజులు పడుతుంది, మూట ఎంత బరువుండాలి అన్న చర్చలు పొద్దుపోయేదాకా సాగుతున్నాయి.

ఆత్మకూరుకు దగ్గరలోని ఓ పల్లెలో ఈసారి పదకొండు మంది నడవాలని నిశ్చయించుకున్నారు. వారిలో ఇరవై ఏళ్ల కుర్రవాడి మొదలు అరవై ఎనిమిదేళ్ల అవ్వ వరకు ఉన్నారు. అవ్వ పెనిమిటి బతికుండగా కాలినడకన కొండకు వస్తానని మొక్కుకున్నాడు. మొక్కు తీరకుండానే ఆయన కన్నుమూశాడు. ఆ మొక్కు తాను తీర్చాలని అవ్వ పట్టుదల. బస్సులో తీసుకుపోతానని, పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికల్లా గుడి ముందు దిగవచ్చునని కొడుకు ఎంత నచ్చజెప్పినా ఆమె వినలేదు. ‘మీ నాయన మొక్కుకున్నది బస్సులో పోతానని కాదు కదా నాయనా’ అన్నది ఆమె జవాబు.

నడవడానికి అందరూ ఒప్పుకున్నారు. తేడా వచ్చింది రోజుల దగ్గరే.

కుర్రకారు ఒకటిన్నర రోజు చాలన్నారు. తెల్లవారుజామున బయలుదేరి, రాత్రి ఒకచోట నడుం వాల్చి, మరుసటి మధ్యాహ్నానికి కొండకు చేరవచ్చునన్నది వారి వాదన. శనగ కోతల కాలంలో ఒక్కొక్క రోజు కూలి విలువ ఎంతో వారికి తెలుసు. పైగా అవ్వ కొడుక్కు బాడుగ ట్రాక్టరే జీవనాధారం. బండి ఒక్కరోజు ఆగినా నష్టమే.

ఇరవైసార్లకు పైగా ఆ దారిన నడిచిన పెద్దాయన ఒకరు నాలుగు రోజులు కావాలన్నారు. అందులో మూడు రోజులు నడక, ఒక రోజు విశ్రాంతి. అడవిలో ఊరకే కూర్చునేందుకు ఒక రోజు దేనికని కుర్రవాళ్లు నవ్వారు. పెద్దాయన కోపగించుకోలేదు. అవ్వ కొడుకు వైపు తిరిగి, ‘ఏమప్పా, ఆ ఉగాదికి నువ్వు ఒకటిన్నర రోజులో పోతివి. అరికాళ్లు బొబ్బలెక్కి సత్రంలో ఎన్ని రోజులు పండుకుంటివి?’ అని అడిగారు. మూడు రోజులని అతను ఒప్పుకున్నాడు. ‘ఒకటిన్నరా మూడూ నాలుగున్నర. నేను అడిగేది నాలుగే’ అని ఆయన అనేసరికి రచ్చబండ మీద నవ్వులు విరిశాయి. చర్చ అక్కడితో ముగిసింది.

కొత్తగా నడవదలచిన వారికి, ముఖ్యంగా ఇంటి పెద్దలను వెంట తీసుకుపోదలచిన వారికి ఆ పెద్దాయన వేసిన లెక్కలు ఎంతో ఉపయోగకరంగా ఉన్నాయి.

తరతరాల దారి

ఆత్మకూరు నుంచి వెంకటాపురం చేరి, అక్కడి నుంచి గోసాయికట్ట, నాగలూటి, దామెర్లకుంట, పెచ్చెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా శ్రీశైలం చేరడం ఈ ప్రాంతంలో తరతరాలుగా వస్తున్న నడకదారి. మొత్తం నలభై కిలోమీటర్ల పైచిలుకు. ఘాట్ రోడ్లు, బస్సులు లేని కాలంలో పడమటి వైపు నుంచి వచ్చే భక్తులకు ఇదే ముఖ్యమైన మార్గం.

ఈ యాత్రకు సాహిత్యంలోనూ చోటుంది. పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలో పర్వత ప్రకరణం శ్రీశైల యాత్రకు సంబంధించినదే. 14వ శతాబ్దంలో రెడ్డి రాజ్యాన్ని స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబలానికి మెట్లు కట్టించినట్లు చరిత్ర చెబుతుంది. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఆత్మకూరు మీదుగానే శ్రీశైలం వెళ్లారు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. తెలుగులో వచ్చిన తొలి యాత్రా గ్రంథాలలో అది ఒకటి కావడం విశేషం.

ఏటా ఈ దారి రెండుసార్లు జనంతో నిండుతుంది. శివరాత్రికి తెలుగు పల్లెల నుంచి, ఉగాదికి కర్ణాటక, మహారాష్ట్రల నుంచి భక్తులు వస్తారు. కన్నడ భక్తులకు భ్రమరాంబాదేవి తమ ఇంటి ఆడపడుచుతో సమానం. పుట్టింటివారు సారె తెచ్చినట్లు చీర, గాజులు, పసుపుకుంకుమలు మూటగట్టుకుని వందల కిలోమీటర్లు నడిచి వస్తారు. వారిలో కొందరు కర్రకాళ్లపై నడవడం కూడా కద్దు.

పంచాంగమే మొదటి లెక్క

శివరాత్రికి, ఉగాదికి మధ్య నెల రోజుల పైచిలుకు తేడా ఉంటుంది. 2024లో శివరాత్రి మార్చి 8న రాగా ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. 2025లో అవి ఫిబ్రవరి 26, మార్చి 30 తేదీలలో వచ్చాయి. 2026లో శివరాత్రి ఫిబ్రవరి 15, ఉగాది మార్చి 19. ఈ నెల రోజుల తేడాలోనే అడవి పూర్తిగా మారిపోతుంది. శివరాత్రి నాటికి రాత్రిళ్లు ఇంకా చల్లగా ఉంటాయి. కుంటల్లో అడుగు నీరయినా మిగులుతుంది. ఉగాది నాటికి టేకు, మద్ది ఆకు రాల్చి నీడ కరువవుతుంది. బండలు కాగి అరికాళ్లకు సెగ తగులుతుంది. అందుచేత వయసు మళ్లినవారు నడవదలిస్తే శివరాత్రి నడకే మేలు. అదీ పండుగ ఫిబ్రవరిలో వచ్చిన ఏడయితే మరింత మేలు.

శివరాత్రి నడకలో కూడా ముందు రోజులు, చివరి రోజులు అన్న తేడా ఉంది. అటవీశాఖ వారు దారి తెరిచిన మొదటి రోజుల్లో జనం పలుచగా ఉంటారు. నీటి తొట్ల వద్ద తోపులాట ఉండదు. పందిళ్ల కింద కాలు చాపుకునేందుకు చోటు దొరుకుతుంది. చివరి రెండు రోజుల్లో వచ్చేవారికి ఈ సౌకర్యాలేవీ ఉండవు. వెనుక నుంచి వచ్చేవారి తాకిడికి, ఇష్టం ఉన్నా లేకున్నా, పరుగులాంటి నడక నడవాల్సి వస్తుంది. అవ్వ లాంటివారు ఇబ్బంది పడేది ఆ రోజుల్లోనే.

పెద్దాయన చెప్పిన మరో సంగతి వెన్నెల గురించి. శివరాత్రి బహుళ చతుర్దశి. ఆ రాత్రికి చంద్రుడు దాదాపు ఉండడు. అదే బహుళ అష్టమి, నవమి నాళ్లలో చంద్రుడు నడిరేయికి పొడిచి తెల్లవారేదాకా ఉంటాడు. తెల్లవారుజామున లేచి, మూట సర్దుకుని, కాలకృత్యాలు తీర్చుకునే వేళకు కావలసినంత వెలుతురు. తొలివెలుగు రాగానే కాలు కదపవచ్చు. త్రయోదశి నాడు బయలుదేరినవారు టార్చిలైటు చేతబట్టుకుని చెప్పులు వెతుక్కోవాలి. ‘దేవుడు ఉత్తపుణ్యానికి దీపం పెట్టినప్పుడు బ్యాటరీలు కొనడం ఎందుకు?’ అన్నది పెద్దాయన ప్రశ్న.

రోజుకు ఎంత నడక?

చదునైన రోడ్డు మీద గంటకు నాలుగు కిలోమీటర్లు నడిచేవారు సైతం ఈ రాళ్ల దారిలో, భుజాన మూటతో, ముసలివాళ్ల వెంట నడిస్తే గంటకు రెండు కిలోమీటర్లు దాటరు. మొత్తం దూరాన్ని మూడు నడక రోజులకు పంచితే రోజుకు పద్నాలుగు, పదిహేను కిలోమీటర్లు వస్తుంది. అంటే ఏడు గంటల నడక. ఉదయం ఆరు నుంచి పదిన్నర వరకు, మళ్లీ సాయంత్రం మూడు నుంచి అయిదున్నర వరకు నడిస్తే సరిపోతుంది. నడుమ ఉన్న నాలుగున్నర గంటలు చెట్టు నీడనే గడపాలి. చీకటిపడేలోగా మకాం చేరాలి.

ఈ లెక్క ప్రకారం పల్లె బృందం వేసుకున్న ఏర్పాటు ఇది. సప్తమి సాయంత్రానికి వెంకటాపురం చేరి అక్కడ పడుకుంటారు. అష్టమి ఉదయం అడవిలో అడుగుపెట్టి నాగలూటి చేరతారు. నాగలూటిలో పాతకాలపు వీరభద్రస్వామి ఆలయం ఉంది. నడకదారి భక్తులు అక్కడ స్వామిని దర్శించుకుని ముందుకు సాగడం ఆనవాయితీ. అక్కడి నుంచి మెట్లు, ఎత్తుపల్లాలు మొదలవుతాయి కనుక మొదటి రోజు కాళ్లను అలవాటు చేసుకోవడానికే వదిలిపెట్టారు. నవమినాడు దామెర్లకుంట మీదుగా పెచ్చెరువు. దశమినాడు పెచ్చెరువులోనే విశ్రాంతి. ఏకాదశినాడు మఠంబావి మీదుగా భీముని కొలను దిగి, కైలాసద్వారం ఎక్కి, హఠకేశ్వరం మీదుగా శ్రీశైలం. దారి తెరిచే తేదీని బట్టి ఈ తిథులు ఒకటి రెండు రోజులు ముందువెనుకలు కావచ్చు. రోజుల వరుస మాత్రం మారదు.

ఇక్కడే దశమినాటి విశ్రాంతి అవసరమేమిటో తెలుస్తుంది. చివరి రోజు దారి అన్నింటికంటే కష్టమైనది. భీముని కొలను లోతైన లోయ. రాతిమెట్ల మీదుగా లోయలోకి దిగాలి. కొలనులో కాళ్లు తడుపుకుని, ఎదుటి కొండ మెట్లెక్కి కైలాసద్వారం చేరాలి. దిగేటప్పుడు మోకాళ్లు, ఎక్కేటప్పుడు గుండె పరీక్షకు నిలుస్తాయి. రెండు రోజులు నడిచి అలసిన కాళ్లతో మూడో రోజే ఈ లోయకు వచ్చేవారు మెట్ల మీద కూలబడుతుంటారు. ఒక రోజు కాళ్లు చాపుకుని, పగిలిన మడమలకు ఆముదం రాసుకుని, కడుపునిండా నిద్రపోయినవారికి అవే మెట్లు అంత బరువనిపించవు.

విశ్రాంతి రోజుకు మరో ప్రయోజనం కూడా ఉంది. దారిలో ఎవరికైనా జ్వరం వచ్చినా, కాలు మెలిపడినా ఆ రోజు అక్కరకు వస్తుంది. రోజులన్నీ బిగించి లెక్కవేసుకున్నవారు జ్వరంతోనే నడవాలి, లేదా మనిషిని వదిలి నడవాలి. ఈ రెండూ యాత్ర లక్షణాలు కావు. ‘మూటలో అన్నిటికన్నా విలువైనది ఆ ఖాళీ రోజే. దానికి బరువు కూడా ఉండదు’ అంటారు పెద్దాయన.

మూట తేలికయితే నడక తేలిక

తొలిసారి నడిచేవారు ఎక్కువగా చేసే పొరపాటు మూట బరువు. ఇంట్లో ఉన్నప్పుడు అన్నీ కావాలనిపిస్తుంది. నాగలూటి మెట్లెక్కేసరికి సగం పారేయాలనిపిస్తుంది. వయసులో ఉన్నవారు నీటితో కలిపి ఆరేడు కిలోలకు, పెద్దవారు రెండు మూడు కిలోలకు మించి మోయరాదని ఈ బృందం నియమం పెట్టుకుంది. మూటలన్నింటినీ ముందే ఊరి కిరాణా కొట్టు కాటా మీద తూచి చూడాలని కూడా తీర్మానించారు. అవ్వ మూట మోసే భారం వంతులవారీగా నలుగురు కుర్రవాళ్లది.

ఏమేం తీసుకుపోవాలన్న జాబితా పొడవైనదేమీ కాదు. ఒక దుప్పటి, ఒక జత మారుబట్టలు, తువ్వాలు, టార్చిలైటు, చేతికర్ర, రెండు లీటర్ల నీరు పట్టే గట్టి సీసా లేదా క్యాన్, స్టీలు గ్లాసు, పళ్లెం. కాళ్లకు వాడుకలో మెత్తబడిన చెప్పులు గాని బూట్లు గాని ఉండాలి. యాత్ర కోసమని కొత్తవి కొని ఆనాడే తొడుక్కోవడం బొబ్బలను కొని తెచ్చుకోవడమే. మొక్కు కారణంగా వట్టి కాళ్లతో నడిచేవారు సైతం సంచిలో చెప్పులు ఉంచుకోవడం మంచిది.

తిండి విషయంలో నడకదారిన స్వచ్ఛంద సంస్థలు, దాతలు ఏర్పాటు చేసే అన్నదానాలు చాలావరకు ఆదుకుంటాయి. అయితే మొదటి రోజుల్లో బయలుదేరేవారు వాటినే నమ్ముకోరాదు. పందిళ్లు పూర్తిగా లేవకపోవచ్చు. అందువల్ల రెండు రోజులకు సరిపడా పొడి తిండి వెంట ఉండాలి. ఎండు జొన్నరొట్టెలు, బుడ్డల పొడి, బొరుగులు, బెల్లం, నువ్వుల ఉండలు ఉంటే పొయ్యితో పని లేదు. అడవిలో పొయ్యి పెట్టరాదు కనుక ఇదే అన్నివిధాలా శ్రేయస్కరం.

మందుల సంగతి ప్రత్యేకంగా చూసుకోవాలి. రక్తపోటు, చక్కెర వ్యాధి ఉన్నవారు నాలుగు రోజులకు కాకుండా ఆరు రోజులకు సరిపడా మాత్రలు పెట్టుకోవాలి. అందులో సగం తన వద్ద, సగం తోటివారి వద్ద ఉంచితే సంచి పోయినా ఇబ్బంది ఉండదు. వయసు మళ్లినవారు బయలుదేరే ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒకసారి పరీక్ష చేయించుకోవాలి. ఓఆర్ఎస్ పొట్లాలు మనిషికి నాలుగయినా ఉండాలి. అడవి లోపల సెల్‌ఫోన్లు చాలాచోట్ల పనిచేయవు. ఏ రోజు ఎక్కడ మకాం, ఏ రోజుకు కొండ చేరతారు అన్నది కాగితం మీద రాసి ఇంట్లో ఇచ్చిపోవడం అందరికీ క్షేమం.

నీటి లెక్క తప్పితే అంతే

ఎండలో బరువుతో నడిచే మనిషికి రోజుకు నాలుగయిదు లీటర్ల నీరు కావాలి. అంత నీరు ఒక్కసారిగా మోయలేరు. లీటరు నీరు కిలో బరువు. కాబట్టి నీరు దొరికే ప్రతి చోటా కడుపునిండా తాగి, సీసా నింపుకుని కదలాలి. ముందు మకాంలో దొరుకుతుందిలే అన్న ధీమా పనికిరాదు. యాత్ర రోజుల్లో తొట్లు, ట్యాంకులతో నీరు అందించే ఏర్పాట్లు ఉన్నా, ఒక్కోసారి జనం ఎక్కువై తొట్టి ఖాళీ అయ్యాక మళ్లీ నిండేందుకు గంటలు పడుతుంది.

కుంటల్లో నిలిచిన నీరు చూసేందుకు తేటగా ఉన్నా తాగరాదు. అది అడవి జంతువులు దిగే నీరు. దప్పిక అయ్యాక తాగడం కాకుండా, దప్పిక కాకముందే కొద్దికొద్దిగా తాగుతుండాలి. తల తిరగడం, చెమట ఆగిపోవడం, మాట తడబడడం వడదెబ్బ లక్షణాలు. అటువంటి మనిషిని వెంటనే నీడకు చేర్చి, ఒంటిని తడిగుడ్డతో తుడిచి, విసిరి, దగ్గరి వైద్య శిబిరానికి కబురు చేయాలి. ‘ఇంకొంచెం దూరమే కదా’ అని నడిపించడం ప్రాణాంతకం.

ఇది పులి తిరిగే చోటు

యాత్రికులు గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం మరొకటి ఉంది. ఈ అడవి నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోనిది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ ప్రాంతం 1983లో పులుల సంరక్షణ పథకం కిందకు వచ్చింది. పులులే కాక చిరుతలు, ఎలుగుబంట్లు, కణుతులు, దుప్పులు ఇక్కడ ఉన్నాయి. ఏడాది పొడవునా ఎవరుపడితే వారు తిరిగే దారి కాదిది. పండుగ రోజుల్లో, అటవీశాఖ అనుమతించిన తేదీలలో మాత్రమే నడవాలి. దారి వదిలి లోపలికి పోరాదు. యాత్రికులకు కేటాయించిన మకాములలోనే పడుకోవాలి. చీకటివేళ ఒంటరిగా నీళ్ల వద్దకు పోరాదు. ఎలుగు దిగేదీ ఆ వేళకే.

అన్నిటికంటే పెద్ద భయం నిప్పు. శివరాత్రి నాటికి రాలిన ఆకు దారికి ఇరువైపులా మోకాటి లోతున పడి ఉంటుంది. బోద ఎండి గలగలలాడుతుంటుంది. ఆర్పకుండా పారేసిన ఒక్క బీడీ ముక్క కొండంత అడవిని కాల్చగలదు. గూడు పెట్టిన పక్షి, పిల్లను పెట్టిన దుప్పి పారిపోయేందుకు వ్యవధి ఉండదు. బీడీ మానలేనివారు మకాములలో, నేల చదును చేసిన చోట తాగి, మట్టిలో గుచ్చి ఆర్పాలి. అగ్గిపెట్టె అసలు వెంట తెచ్చుకోకపోతే ఇంకా మంచిదని పల్లె బృందం తీర్మానించింది. ఈ తీర్మానంతో ఇద్దరికి మాత్రం కొంచెం కష్టం కలిగిన మాట వాస్తవం.

ప్లాస్టిక్ సంచులు, పొట్లాలు, ఒకసారి తాగి పారేసే సీసాలు కూడా అంతే హాని. ఉప్పు, నూనె వాసనకు కణుతులు, దుప్పులు ఆ కాగితాలను నమిలి మింగుతాయి. అవి పేగుల్లో అడ్డుపడి చస్తాయి. పల్లెలో ఆవులు ప్లాస్టిక్ తిని చచ్చిపోవడం చూసిన రైతులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. తెచ్చుకున్న ప్రతిదీ తిరిగి సంచిలో వేసుకుని కొండ చేరాక చెత్తకుండీలో వేయడమే పద్ధతి.

అడవిలో ఇళ్లున్నవారు

పెచ్చెరువు, నాగలూటి వంటి చోట్ల చెంచు గూడేలు ఉన్నాయి. శివుడు చెంచు పిల్లను పెళ్లాడాడని, మల్లన్న తమ అల్లుడని చెంచుల నమ్మకం. స్వామిని వారు చెంచు మల్లయ్య అని పిలుచుకుంటారు. తేనె, జిగురు, కుంకుళ్లు సేకరించి బతికే ఆ కుటుంబాల వాకిళ్ల ముందు నుంచే యాత్రికులు వేల సంఖ్యలో సాగిపోతారు. యాత్ర ముగిసి పందిళ్లు లేచిపోయాక కూడా ఎండాకాలమంతా ఆ నీళ్లతోనే గడపవలసినవారు వాళ్లు. వారి నీటి చెలమల్లో స్నానాలు చేయడం, బట్టలుతకడం, గుడిసెల్లోకి తొంగి చూడడం మర్యాద కాదు. ఈ మాట పెద్దాయన కుర్రవాళ్లకు ఒకటికి రెండుసార్లు చెప్పారు. ‘మనింటి బావిలో ఎవరైనా కాళ్లు కడిగితే ఊరుకుంటామా అప్పా?’

నెమ్మదిగా నడిచేవారికి ఈ అడవి చూపించేది కూడా తక్కువేమీ కాదు. శివరాత్రి వేళకు ఆకులేని మోదుగ చెట్లు ఎర్రని పూలతో నిండి ఉంటాయి. తునికి పండ్లు పండడానికి ఇంకా సమయముంది. తొలిపొద్దున నెమళ్లు దారి దాటుతుంటాయి. కొండముచ్చులు కొమ్మల మీద నుంచి యాత్రికుల మూటలను లెక్కపెడుతుంటాయి. ఒకటిన్నర రోజులో పోయినప్పుడు ఏమేం చూశావని అడిగితే అవ్వ కొడుకు కాసేపు ఆలోచించి, ముందు నడిచేవాళ్ల మడమలని చెప్పాడు.

చెరువుకట్ట మీద తొలి అడుగులు

నడకకు నెల ముందు నుంచే కాళ్లను సిద్ధం చేసుకోవాలన్నది ఈ బృందం మరో నిర్ణయం. రోజూ తెల్లవారకముందే పదకొండు మందీ చెరువుకట్ట మీద నడుస్తున్నారు. మొదటి వారం రెండు కిలోమీటర్లు. రెండో వారం నాలుగు. మూడో వారం భుజాన మూటతో ఆరు. చివరి వారం తగ్గించి, కాళ్లకు విశ్రాంతి ఇస్తారు. మొదటి రెండు రోజులు అవ్వ అందరికంటే వెనుక నడిచింది. ఆ తరువాత పెద్దాయన నియమం మార్చారు. అవ్వను ముందు నడిపించి, ఆమె అడుగును బట్టే మిగతావారు నడవాలన్నారు. వెనుకబడినవారిని ముందు పెడితే ఎవరూ వెనుకబడరన్నది ఆయన అనుభవం.

నాలుగు రోజుల కూలి సంగతికి కూడా దారి దొరికింది. నడవని ఇళ్లవాళ్లు నడిచేవాళ్ల చేలలో శనగ కోస్తారు. తిరిగి వచ్చాక వీళ్లు వాళ్ల చేలలో బదులు చేస్తారు. ట్రాక్టరును ఆ నాలుగు రోజులు అవ్వ కొడుకు బావమరిది నడుపుతాడు. మొదట ఒకటిన్నర రోజుకు పట్టుబట్టిన కొడుకే ఇప్పుడు రోజూ నాలుగు గంటలకు లేచి తల్లి చేతికర్ర వెతికి ఇస్తున్నాడు.

ఇటువంటి బృందాలు నల్లమల అంచు పల్లెల్లో మరెన్నో ఉన్నాయి. దారి తెరిచే తేదీలను నెల ముందే నిర్ణయించి ఊరూరా దండోరా వేయిస్తే, పెద్దవాళ్లను తీసుకుపోయేవారు మొదటి రోజుల్లోనే నడిచి ముగించుకునే వీలుంటుంది. చివరి రెండు రోజుల రద్దీ కూడా తగ్గుతుంది. మొదటి రోజు నుంచే పెచ్చెరువు, భీముని కొలనుల వద్ద నీరు, ప్రథమ చికిత్స అందుబాటులో ఉంచడం అవసరం. లోయ మెట్ల పక్కన అక్కడక్కడ కూర్చునేందుకు నీడ కల్పిస్తే ముసలివారికి ఎంతో మేలు చేసినవారవుతారు. సంబంధిత అధికారులు ఈ విషయమై ఆలోచించవలసి ఉంది.

కాగా, అవ్వ తన మూటను అప్పుడే కట్టిపెట్టుకుంది. కాటా మీద తూచితే రెండు కిలోల నాలుగువందల గ్రాములు వచ్చింది. నియమానికి లోబడే ఉన్నా ఇంకా ఏమైనా తీసేయగలవా అని పెద్దాయన అడిగారు. ఆమె మూట విప్పి, దుప్పటి మడతలో నుంచి పెనిమిటి కండువా తీసి చూపించింది. దాన్ని మాత్రం తీయనంది. తీయవలసిన పని లేదని పెద్దాయన చెప్పి, మూట మళ్లీ తానే కట్టి ఇచ్చారు.